వైజాగ్‌లో మందు మానేసినవాళ్ళ మీటింగులకి ఎవరైనా వెళ్తున్నారా? మొదటిసారి వెళ్ళాలంటే కాళ్ళు రావట్లేదు

కూర్మన్నపాలెం_36:

అందరికీ నమస్తే. పేరు చెప్పను, ఏమనుకోకండి. వయసు 36, గాజువాక వైపు ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఇంజినీరింగ్ సెకండియర్‌లో మొదలైంది ఈ తాగుడు. అప్పుడు అందరం తాగేవాళ్ళం, ఆ అందరిలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. మిగతావాళ్ళు పెళ్ళిళ్ళకీ పార్టీలకీ రెండు పెగ్గులేసి ఇంటికి పోతారు, నాకు ఆ పోవడం చేతకాదు. క్వార్టర్ నుంచి హాఫ్‌కి వచ్చాను, సెలవు రోజైతే లెక్క లేదు.

ఇప్పటికి 3 సార్లు అయ్యప్ప మాల వేశాను. నమ్మండి, 41 రోజులూ చుక్క ముట్టలేదు, ముట్టాలని కూడా అనిపించలేదు. పోయినసారి కొండకెళ్ళి వచ్చి పొద్దున్న గుడిలో మాల తీశాను, సాయంత్రం ఏడింటికి ఎన్ఏడీ దగ్గర బార్లో కూర్చున్నాను. మధ్యలో ఏం జరిగిందో నాకే తెలీదు, ఎవరో బండి ఎక్కించి తీసుకెళ్ళినట్టే ఉంది.

నాలుగు నెలల కిందట మా ఆవిడ పాపని తీసుకుని విజయనగరం వాళ్ళ పుట్టింటికి వెళ్ళిపోయింది. గొడవేం పడలేదు, అదే భయమేస్తోంది. "మీరు బాగుపడ్డాక ఫోన్ చెయ్యండి" అంది అంతే.

మందు మానాలనుకునేవాళ్ళకి ఏఏ (AA) అని మీటింగులు ఉంటాయని విన్నాను. ఎక్కడ జరుగుతాయి, ఎలా కనుక్కోవాలి, డబ్బులు ఎంత కట్టాలి, లోపలికి వెళ్ళాక లేచి నిలబడి నా కథంతా చెప్పాలా? మా కంపెనీ వాడెవడైనా అక్కడ కనిపిస్తే నా పరిస్థితేంటి? చర్చిల్లో పెడతారంటున్నారు, మతం గొడవ ఏమైనా ఉందా? దయచేసి నిమ్మరసం తాగు, యోగా చెయ్యి అని మాత్రం చెప్పకండి, అవన్నీ అయిపోయాయి.

ఉక్కు_సంకల్పం:

ఇవన్నీ ఎందుకు గురూ, మనసు గట్టిగా ఉంటే చాలు. మా బాబాయి ఒక్కరోజులో మానేశాడు, మళ్ళీ ముట్టుకోలేదు.

ఈరోజుకి_మాత్రమే:

బాబాయికి దండం పెట్టాలి, నిజంగానే. కానీ ఆయనలాంటివాళ్ళు ఈ ప్రశ్న అడగరు కదా, అడిగినవాడికి జవాబు చెబుదాం.

తమ్ముడూ, నేను తాగి పదకొండేళ్ళు దాటింది. నీ పోస్టు చదువుతుంటే ఎన్ఏడీ బార్ దగ్గర నేనూ ఆగాల్సొచ్చింది, ఎందుకంటే నాకూ అచ్చం అలాగే జరిగింది. నాది అయ్యప్ప మాల కాదు, భవానీ దీక్ష. అంతే తేడా.

ముందు ఎలా కనుక్కోవాలో చెబుతాను. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. ఇండియాకి వాళ్ళ వెబ్‌సైట్ ఉంది, ఊళ్ళ వారీగా మీటింగుల జాబితా, ఫోన్ నంబర్లు ఉంటాయి. కానీ జాబితా చూసి నేరుగా బండేసుకుని వెళ్ళిపోకు. హాలు మారుతుంది, రోజు మారుతుంది, పండక్కి ఆ స్కూలు గేటు తాళం వేసి ఉంటుంది. ముందు ఆ నంబర్‌కి ఫోన్ చెయ్యి. ఎత్తేది ఆఫీసు గుమస్తా కాదు, నీలాగే తాగి మానేసినవాడే. "కొత్తగా రావాలనుకుంటున్నాను" అంటే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు. చాలాసార్లు వాళ్ళే రోడ్డు మీదకి వచ్చి నిలబడతారు, లేదంటే ఏ సందులోకి తిరగాలో చెబుతారు. బయట పెద్ద బోర్డు ఉంటుందని, నలుగురూ చూస్తారని భయపడకు. నేనెళ్ళింది ఒక స్కూలు గదికి, చిన్నపిల్లల బెంచీలు, మోకాళ్ళు పట్టవు, గోడ మీద ఎక్కాల చార్టు.

నా మొదటి మీటింగ్ అసలు మీటింగే కాదు. స్కూటర్ మీద ఆ వీధి మూడు రౌండ్లు కొట్టి, ఎదురుగా టీ కొట్లో టీ తాగి, ఇంటికెళ్ళిపోయాను. మా ఆవిడ అడిగితే బావుందని కూడా చెప్పాను! రెండో వారం మళ్ళీ అదే టీ కొట్టు. పక్కన నిలబడిన పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "లోపలికేనా బాబూ? నేనూ అటే" అన్నాడు. తర్వాత ఆయనే నా స్పాన్సర్ అయ్యాడు. స్పాన్సర్ అంటే డబ్బులు పెట్టేవాడు అనుకునేవు, కాదు. మనకన్నా ముందు మానేసి, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా ఎత్తేవాడు.

లోపల ఏం జరుగుతుందంటే, గంటా గంటన్నర. ఒకాయన నడిపిస్తాడు, చిన్న ప్రార్థన చేస్తారు, పుస్తకంలోంచి ఒక ముక్క చదువుతారు, తర్వాత ఒక్కొక్కరూ మాట్లాడతారు. పేరొక్కటే, ఇంటిపేరు అడగరు, ఉద్యోగం అడగరు. నువ్వు మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనరు, "ఈరోజు వింటాను" అంటే సరిపోతుంది. నేను ఐదు మీటింగులు అలాగే విన్నాను. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఇంకొకరు దూరి సలహా ఇవ్వరు. మన ఇళ్ళల్లో మనల్ని ఎవరైనా పూర్తిగా మాట్లాడనిచ్చారా చెప్పు, నిజానికి మనం మాత్రం ఎవర్ని మాట్లాడనిచ్చాం!

డబ్బులు: ఫీజు లేదు. చివర్లో ఒక డబ్బా తిప్పుతారు, గది అద్దెకీ టీకీ. ఉంటే తోచినంత అందులో వేసెయ్యి, లేకపోతే డబ్బా పక్కకి ఇచ్చెయ్యి. బయటివాళ్ళ దగ్గర చందాలు తీసుకోకూడదని వాళ్ళ నియమం. చేరడానికి కావాల్సింది కూడా ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. మానేసి ఉండాలని కాదు, మానాలని ఉండాలి. మీటింగులు రెండు రకాలు: ఓపెన్ మీటింగ్‌కి ఇంట్లోవాళ్ళూ రావచ్చు, క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. ఫోన్‌లో అది కూడా అడుగు.

కంపెనీ వాడు కనిపిస్తే? నాకు కనిపించాడు. మా సెక్షన్ వాడే, ఎదురు బెంచీలో. ఇద్దరం ఒకేసారి నేల చూపులు చూశాం. తర్వాత అర్థమైంది, నన్ను చూసినవాడు కూడా అక్కడికి వచ్చినవాడే కదా, వాడు బయట ఏమని చెబుతాడు? ఆ మాటకొస్తే బార్ ముందు తూలుతుంటే ఎంతమంది చూశారు, అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకో.

ఇప్పుడు నీ మాల సంగతి. 41 రోజులు ఎందుకు ఉండగలిగావో ఎప్పుడైనా ఆలోచించావా? అయ్యప్ప దయ అంటావు, కాదనను. కానీ ఒకసారి లెక్క వెయ్యి. పొద్దున్నే నాలుగింటికి చన్నీళ్ళ స్నానానికి లేపేవాడు ఒకడు. సాయంత్రం పీఠం దగ్గర భజన. మధ్యాహ్నం భిక్ష ఎవరో ఒకరింట్లో. గురుస్వామి. తాగే స్నేహితులు నీ నల్లబట్టలు చూసి వాళ్ళే పక్కకి తప్పుకున్నారు. పేరు కూడా పోయి స్వామీ అయిపోయావు. అంటే నువ్వు ఒక్కడివే ఒక్కరోజు కూడా మానలేదు తమ్ముడూ, చుట్టూ పదిమంది ఉంటే మానావు. మాల తీసిన సాయంత్రం ఆ పదిమందీ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు, నువ్వు ఎన్ఏడీ వెళ్ళావు. పైగా 41వ రోజు అయిపోతుందని మొదటి రోజే తెలుసు. మాలేసుకున్నవాడు రోజులు లెక్కపెట్టేది రెండు రకాలుగా, ఒకడు స్వామి కోసం, ఇంకొకడు మాల ఎప్పుడు తీస్తానా అని. ఆ రెండో రకం మనలాంటివాళ్ళం.

మీటింగ్ అంటే నాకు అర్థమైనంతవరకూ విరమణ లేని పీఠం. ఇక్కడ 41 లేదు, ఇవాళ ఒక్కరోజే. అసలు ఇది పుట్టిందే అలా. 1935లో బిల్ అనే షేర్ల వ్యాపారి పని మీద అమెరికాలో ఏక్రన్ అనే ఊరెళ్ళాడు, పని చెడింది, హోటల్ లాబీలో ఒక పక్క బార్, ఇంకో పక్క ఫోన్. తాగకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని తోచి, చర్చిలకి ఫోన్లు చేసుకుంటూ పోయాడు. అలా దొరికినాయన డాక్టర్ బాబ్, ఒక సర్జన్. ఆయన ఆఖరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజు అంటారు. ఇద్దరే, ఒక కౌన్సెలింగ్ సెంటర్ కాదు ఏమీ కాదు.

సిస్టర్_నైట్‌డ్యూటీ:

పైన అన్నగారు చెప్పినవన్నీ బావున్నాయి కానీ ఒక ముఖ్యమైన మాట ఎవరూ అడగలేదు, అందుకే నేను అడుగుతున్నాను. కూర్మన్నపాలెం బాబూ, పొద్దున్న లేవగానే చేతులు వణుకుతున్నాయా? బ్రష్ చేస్తుంటే వాంతి వచ్చినట్టుంటుందా? వణుకు తగ్గడానికి పొద్దున్నే కొంచెం వేసుకుంటున్నారా?

అవును అయితే రేపట్నుంచి బంద్ అని హఠాత్తుగా ఆపెయ్యకండి. ఇరవై ఏళ్ళుగా వార్డులో చూస్తున్నాను. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారి ఆపితే 6 నుంచి 48 గంటల లోపల ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చలిస్తుంది, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఒళ్ళంతా చెమట, జ్వరం. అది ప్రాణం మీదకి వచ్చే పరిస్థితి. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించి మూడో రోజు తీసుకొస్తారు. మాలకి ఆపినప్పుడు ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడూ కాదనుకోవద్దు, ఆపి మళ్ళీ మొదలెట్టి మళ్ళీ ఆపిన కొద్దీ వణుకు, ఫిట్స్ ముదురుతాయి.

ఇంకోటి, వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటే సరిపోతుందనుకుంటారు. తాగేవాళ్ళ ఒంట్లో బి1 విటమిన్ బాగా తక్కువ ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే దెబ్బ తగలవచ్చు. అందుకే మేము ముందు బి1 ఇంజెక్షన్ ఇస్తాం. వణుకుకి, ఫిట్స్ రాకుండా వేరే మాత్రలుంటాయి, డాక్టరు రోజురోజుకీ డోసు తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. ఆ మాత్రలు మీరే కొనుక్కుని మద్యంతో కలిపి వేసుకోకండి, ఊపిరి ఆగిపోవచ్చు.

చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఓపీకి వెళ్ళండి. పిచ్చాసుపత్రి అని వెనకాడేవాళ్ళే ఎక్కువ, ఆ ఓపీ లైన్లో సగం మంది మామూలు మనుషులే. వెళ్ళలేకపోతే 14446కి ఫోన్ చెయ్యండి, మత్తు మానాలనుకునేవాళ్ళకి కేంద్రం పెట్టిన నంబర్, ఉచితం. మనసు బాగా కుంగినప్పుడు 14416, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. మీటింగ్ మానుకోమని కాదు, డాక్టరు, మీటింగ్ రెండూ. మీటింగులో ఫిట్స్ వస్తే వాళ్ళేం చెయ్యగలరు పాపం.

మధురవాడ_అమ్మ:

నేను తాగే మనిషిని కాదు, తాగే మనిషి భార్యని. ఆయన మానేసి నాలుగేళ్ళు. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను, బాబు వాళ్ళావిడ మాట చదివాక ఉండలేకపోయాను.

నేను ఒక తప్పు చేశాను, ఇంకెవరూ చెయ్యకూడదని చెబుతున్నాను. "తాగేవారికి తెలియకుండా మాన్పించబడును" అని గోడల మీద రాతలు చూస్తాం కదా, అలాంటిచోట ఒక పొడి కొని ఆయన పప్పుచారులో కలిపేదాన్ని. ఒకరోజు ఆయన బయట తాగొచ్చి అన్నం తిన్నారు. మొహం కందగడ్డలా అయిపోయి, గుండె దడదడలాడి, వాంతులు, బీపీ పడిపోయింది. ఆటోలో తీసుకెళ్తుంటే చేతుల్లోనే పోతారనుకున్నాను. డాక్టరు అడిగితే చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత తెలిసింది, మద్యంతో పడని మాత్ర ఒకటి నిజంగానే ఉంది, డాక్టర్లు ఇస్తారు, కానీ తాగే మనిషికి చెప్పి, ఆయన ఒప్పుకుంటేనే. తెలియకుండా పెడితే విషం పెట్టినట్టే.

ఆ తర్వాత ఎవరో అల్-అనాన్ గురించి చెప్పారు. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ మీటింగులు, 1951లో ఏఏ మొదలెట్టిన బిల్ గారి భార్య లోయిస్, ఇంకొకావిడతో కలిసి మొదలుపెట్టిందట. అక్కడ విన్న మాట ఒకటి నాకు పనికొచ్చింది: ఈ రోగం నేను తెచ్చింది కాదు, నేను ఆపలేను, నేను నయం చెయ్యలేను. పదిహేనేళ్ళు సీసాలు వెతికి సింకులో ఒంపినదాన్ని, నేలమీద కూర్చుని ఏడ్చాను ఆ రోజు. అప్పట్నుంచి సీసాలు వెతకడం మానేశాను. విచిత్రమేమిటంటే నేను వెతకడం మానేసిన ఏడాదికి ఆయన తాగడం మానేశారు. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను చెప్పను.

బాబూ, మీ ఆవిడకి ఇప్పుడు ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పకండి. ఆ మాట ఆవిడ చాలాసార్లు వినుంటుంది. అల్-అనాన్ మీటింగులు ఆన్‌లైన్లో కూడా ఉంటాయని ఎప్పుడైనా వీలు చూసుకుని మెల్లిగా చెప్పండి, అదీ ఆవిడ అడిగితేనే.

తర్కం_కావాలి:

నేను కొంచెం అడ్డం తిరిగే రకం, ముందే చెబుతున్నా. మొదటి మీటింగ్ నాకు అస్సలు నచ్చలేదు. దేవుడికి అప్పగించుకో, మనకన్నా పెద్ద శక్తి, ప్రార్థన, నాకు ఒళ్ళు మండింది. చర్చి హాల్ అంటే హాల్ దొరికింది కాబట్టి అక్కడ పెడతారు, మతంతో సంబంధం లేదు, హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉన్నారు, ఆ భయం మాత్రం వద్దు. కానీ ఏఏలో మానడానికి ఒక్కొక్కటిగా పాటించమనే పన్నెండు మెట్లలో దేవుడి మాట చాలాసార్లు వస్తుంది, అది దాచి ప్రయోజనం లేదు. "మీకు అర్థమైన దేవుడు" అంటారు. ఒకాయన నాకు సముద్రమే దేవుడు అన్నాడు, రోజూ ఆర్కే బీచ్ దాకా నడిచి వస్తాడట. నాకు ఆ పదిమంది మనుషులే అని సర్దుకున్నాను.

మొదటి గ్రూపు నచ్చకపోతే ఏఏనే పనికిరాదని తేల్చెయ్యొద్దు. నేను వెళ్ళిన మొదటి చోట ఒకే ఒకాయన నలభై నిమిషాలు తన వీరగాథ చెప్పాడు, మిగతావాళ్ళు ఆవలింతలు. రెండో చోట మనుషులు వేరు, మాట వేరు. కనీసం నాలుగైదు చూడండి.

పనిచేస్తుందా అని రుజువులు వెతికేవాళ్ళకి: 2020లో వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ అనే సంస్థ వాళ్ళు 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా మనుషుల లెక్కలు చూసి, పూర్తిగా మానేసి అలాగే ఉండిపోయే విషయంలో ఏఏ వైపు పద్ధతి ప్రకారం నడిపించే చికిత్స మిగతా చికిత్సలకన్నా కొంత మెరుగని రాశారు. అది చదివాకే నోరు మూసుకుని వెళ్ళాను. దేవుడి మాట అసలు పడనివాళ్ళకి స్మార్ట్ రికవరీ అని ఇంకోటి ఉంది, 1994లో మొదలైంది, ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి, ఇంగ్లీషు వచ్చి ఉండాలి. అయినా ఒక మాట చెప్పనా, స్క్రీన్ మీద అయితే కెమెరా కట్టేసి గ్లాసు పట్టుకుని కూర్చోవచ్చు. నేను కూర్చున్నాను. బెంచీ మీద అలా కుదరదు.

కూర్మన్నపాలెం_36:

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నందుకు సారీ. మూడు వారాలైంది.

సిస్టర్ గారూ, మీరడిగిన మూడింటికీ అవును. మీ పోస్టు చదివాక రాత్రంతా నిద్ర పట్టలేదు. చినవాల్తేరు వెళ్ళాను. లైన్లో నా వెనకాల ఒక లెక్చరర్, ముందు ఒక బోటు డ్రైవర్. డాక్టర్ గారు ఎంత తాగుతావని అడిగితే అలవాటుగా సగమే చెప్పాను, ఆయన నా చేతులు చాపమని చూసి, "ఇప్పుడు నిజం చెప్పండి" అన్నారు. మాత్రలు, బి1 ఇంజెక్షన్లు, పది రోజులు. రెండు రాత్రులు నరకం. మా అమ్మ పక్కన కూర్చుంది.

తర్వాత ఫోన్ చేశాను. అన్నా, నువ్వు చెప్పినట్టే ఎత్తినాయన ఎక్కువ అడగలేదు, "ఏ ఏరియా, బండి ఉందా" అన్నాడంతే. నేనూ రౌండ్లు కొట్టాను, మూడు కాదు, రెండే. లోపల పద్నాలుగు మంది ఉన్నారు. "ఈరోజు వింటాను" అన్నాను. అక్కడ ఒక కుర్రాడు, 24 ఉంటాయేమో, పండగ రోజు నాన్న షర్టు అమ్మి తాగానని చెబితే అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు కానీ గుండెల మీద నుంచి ఏదో దిగింది. ఒకాయనకి తాగుడు మానేసి ఆ రోజుకి ఏడాది నిండిందట, పుట్టినరోజని కేక్ కోశారు, ఆయనకి యాభై పైనే ఉంటాయి, ఒక కొవ్వొత్తి.

ఇప్పటికి ఐదు మీటింగులు అయ్యాయి. మధ్యలో ఒకరోజు పడ్డాను, మళ్ళీ తాగాను, దాచను. జీతం పడిన రోజు. మర్నాడు మీటింగ్‌కి వెళ్ళి చెప్పాను, తిడతారనుకున్నా, "మళ్ళీ వచ్చావుగా" అన్నారు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉంది ఆ రోజు అని అడిగారు. నాలుగూ ఉన్నాయి. నైట్ షిఫ్ట్ చేసి ఏమీ తినకుండా ఖాళీ ఇంటికి వస్తే ఇంకేముంటుంది.

అమ్మగారూ, విజయనగరం ఫోన్ చెయ్యలేదు. పాపకి మాత్రం రోజూ రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ చేస్తున్నాను. నిన్న పాప వెనకాల మా ఆవిడ నిలబడి ఉంది, ఫ్రేములో చీర కుచ్చిళ్ళు కనిపించాయి, జరగలేదు అక్కడి నుంచి.

ఇప్పుడు అసలు సమస్య. వచ్చే వారం నాకు బి-షిఫ్ట్, రెండు నుంచి పది. మీటింగ్ ఆరున్నరకి. ఫోర్‌మన్‌ని షిఫ్ట్ మార్చమని అడగాలి, ఏం చెప్పాలో తెలీట్లేదు. పన్ను నొప్పి, డెంటిస్ట్ అని చెప్పనా?

ఈరోజుకి_మాత్రమే:

ఈ వారానికి పన్ను చాలు. పై వారానికి ఇంకో పన్ను. మూడో వారం నాకు ఫోన్ చెయ్యి, ఆదివారం పొద్దున్న మీటింగ్ ఒకటి చూద్దాం. గాజువాక నుంచి నేనే ఎక్కించుకుంటాను, హెల్మెట్ తెచ్చుకో.